దవడ ఎముక తీసేయాలన్నారు: కాలి ఎముక పెట్టించాలా, కస్టమ్ టైటానియమా?

అడిగినవారు: తమ్ముడికోసం

అందరికీ నమస్కారమండీ. మా తమ్ముడి గురించి అడుగుతున్నాను. వాడికి 28 ఏళ్ళు, స్కూల్లో లెక్కలు చెబుతాడు. కింది దవడ ఎడమవైపు చివర కొంతకాలంగా ఉబ్బు కనిపిస్తోంది. నొప్పేమీ లేదు. ఆ వైపు పన్ను కదలడం మొదలయ్యాక డెంటిస్టు దగ్గరికి వెళ్తే ఓపీజీ (రెండు దవడలూ ఒకే బొమ్మలో వచ్చే) ఎక్స్‌రే తీయించారు. దవడ పళ్ళ కింద నుంచి పైకి, చెవి వైపుగా ఎముకలో బుడగలు బుడగలుగా నల్లటి ఖాళీలు ఉన్నాయి. ముక్క తీసి బయాప్సీకి పంపితే అమెలోబ్లాస్టోమా, అంటే దవడ ఎముకలో పెరిగే ఒక రకం గడ్డ, అని వచ్చింది. క్యాన్సర్ కాదన్నారు. ఆ మాటకి ఇంట్లో అందరం ఊపిరి పీల్చుకున్నాం.

ఆ తర్వాతే అసలు టెన్షన్ మొదలైంది. ఒక డాక్టరుగారు గడ్డని గీకి తీసేస్తే చాలన్నారు. ఇంకొకరు, అలా చేస్తే తిరగబెడుతుంది, ఆ భాగం ఎముకని పూర్తిగా కోసేసి కాలి ఎముకతో కొత్త దవడ కట్టాలన్నారు. ఎవరో బంధువులు ఈమధ్య త్రీడీ ప్రింటింగ్‌తో మన కొలతకే టైటానియం దవడ చేసి పెడుతున్నారట కదా, కాలు కోయించుకోవడం ఎందుకు అంటున్నారు. వాడు మాత్రం ఏమీ మాట్లాడటం లేదు. రాత్రిళ్ళు ఫోన్‌లో ఆపరేషన్ ఫొటోలు చూస్తూ కూర్చుంటున్నాడు.

క్యాన్సర్ కానప్పుడు అంత ఎముక ఎందుకు కోయాలి? లోహం మంచిదా, కాలి ఎముకా? తర్వాత మళ్ళీ పాఠం చెప్పగలడా, నమలగలడా? ఈ దారిలో వెళ్ళొచ్చినవాళ్ళు, తెలిసినవాళ్ళు దయచేసి చెప్పండి.

జవాబు: కుడిదవడ

అక్కా, నాకూ ఇదే గడ్డ, కుడివైపు. మొదటిసారి గీకే తీశారు. కొన్నేళ్ళకి మళ్ళీ వచ్చింది. అప్పటికి అది పక్క ఎముకలోకి కూడా పాకింది కాబట్టి, ముందే కోసి ఉంటే పోయేదానికన్నా ఎక్కువ దవడ పోయింది. గీకడం ఎవరికీ పనికిరాదని నేననను, అది డాక్టర్లు తేల్చాలి. కానీ చిన్న ఆపరేషన్ కదా అని మాత్రం దాన్ని ఎంచుకోవద్దు.

రెండోసారి నాకు ఎడమ కాలి నుంచి ఫిబ్యులా ఎముక (మోకాలి కింద పక్కగా ఉండే సన్నటిది) తీసి, మూడు ముక్కలుగా చేసి, నా కొలతకే చేయించిన టైటానియం ప్లేటుకి బిగించారు. అంటే లోహమూ ఉంది, ఎముకా ఉంది. ఈ రెండింటిలో ఏదో ఒకటే అని నేనూ మీలాగే అనుకునేవాణ్ణి.

మొదటి రోజుల గురించి చెప్తాను, తమ్ముడు ఫొటోలు చూసి ఊహించుకునే దానికన్నా ఇది తెలుసుకోవడం నయం. ఐసీయూలో కళ్ళు తెరిచేసరికి గొంతు దగ్గర ఊపిరి గొట్టం, ముక్కులోంచి ఆహారం గొట్టం ఉన్నాయి. మాట రాదు, పలక మీద రాసి చూపించడమే. నర్సు గంట గంటకీ వచ్చి, పెన్నులాంటి డాప్లర్‌ని నోట్లో కుట్టిన చర్మం ముక్క మీద ఆనించేది. అందులోంచి ‘ఉష్... ఉష్...’ అని నెత్తురు పారే చప్పుడు వినిపించేది. కాలి నుంచి తెచ్చిన ఎముకకి మెడలోని రక్తనాళంతో అతుకు వేశారు కాబట్టి, ఆ అతుకులో రక్తం గడ్డ కడితే వెంటనే తెలియాలి. మొదటి రెండు మూడు రోజులే కీలకమన్నారు. ఆ చప్పుడు వినిపించినంతసేపూ నాకు ధైర్యంగా ఉండేది.

కాలు అనుకున్నంత బాధ పెట్టలేదు. మొదట వాకర్, తర్వాత కర్ర, తర్వాత మామూలు నడక. బొటనవేలు కిందికి వంచే బలం కొంత తగ్గింది. ఎక్కువ దూరం నడిస్తే చీలమండ త్వరగా అలుస్తుంది. అంతే.

నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది పెదవి. ఎముకలోంచి వెళ్ళే నరం గడ్డతో పాటే పోయింది. దాంతో కింది పెదవి, గడ్డం ఆ పక్కన మొద్దుబారిపోయాయి. నీళ్ళు తాగితే మూల నుంచి కారేది, నాకు తెలిసేది కాదు. షేవింగ్ చేసుకుంటే తెగినా తెలిసేది కాదు. ఇక మాట సంగతి. మీ తమ్ముడు టీచర్ కాబట్టి వివరంగా చెప్తున్నా. క, త, న లాంటివి త్వరగానే వచ్చాయి. ప, ఫ, బ, భ, మ దగ్గర పెదవులు గట్టిగా కలిసేవి కావు, గాలి పక్కనుంచి పోయేది. స్పీచ్ థెరపిస్టు అద్దం ముందు కూర్చోబెట్టి ఈ అక్షరాలే పట్టి పట్టి పలికించారు. కొన్ని నెలలకి ఫోన్‌లో మాట్లాడితే అవతలివాళ్ళకి తేడా తెలియనంతగా కుదుటపడింది. మొద్దుబారడం ఇప్పటికీ ఉంది, అలవాటైంది.

ఎవరూ ముందుగా చెప్పని సంగతొకటి. కాలి చర్మమే నోట్లో పెడతారు కాబట్టి అక్కడ రోమాలు మొలుస్తాయి! నాకు మొలిచాయి. తర్వాత ఇంప్లాంట్ పళ్ళు పెట్టేటప్పుడు ఆ చర్మాన్ని పలచన చేసి సరిచేశారు. కంగారు పడొద్దని చెప్పండి.

జవాబు: దవడడిజైన్

నేను డాక్టర్ని కాదండీ, బయోమెడికల్ ఇంజనీర్‌ని. సర్జన్లు పంపే సీటీ స్కాన్ చూసి కటింగ్ గైడ్లు, ప్లేట్లు, దవడ ఇంప్లాంట్లు డిజైన్ చేయడం నా పని. మీ బంధువులు చెప్పిన త్రీడీ ప్రింటింగ్ దవడ మా టేబుల్ మీద ఎలా తయారవుతుందో చెప్తే, దాన్ని ఎంతవరకు నమ్మాలో మీకే అర్థమవుతుంది.

ముందు సీటీలోంచి ఎముకని మాత్రమే వేరుచేసి కంప్యూటర్లో దవడ బొమ్మ కడతాం. కణితి ఎక్కడిదాకా ఉందో సర్జన్‌గారితో కలిసి స్లైసు స్లైసూ చూసి గీత గీస్తాం. ఆ గీత నుంచి ఎంత దూరంలో కోయాలో చెప్పేది ఆయనే. కోత పడే చోట రెండు పలకలు నిలబెడతాం. మధ్య భాగం తీసేశాక ఆ ఖాళీలో ఏం రావాలన్నది అప్పుడు మొదలవుతుంది. మామూలుగా బాగున్న వైపుని అద్దంలో తిప్పినట్టు తిప్పి ఇటువైపు పరుస్తాం. కానీ అక్కడితో పని అయిపోదు. ఎవరి దవడా రెండువైపులా అచ్చంగా ఒకేలా ఉండదు. పైగా గడ్డ పెరుగుతూ పళ్ళని పక్కకి నెట్టి ఉంటుంది. అందుకే నేను ఎముక ఆకారం కన్నా పళ్ళ కాటునే ఎక్కువ నమ్ముతాను. పై పళ్ళు, కింది పళ్ళు ఎక్కడ కలవాలో ముందు తేల్చుకుని, ఆ పళ్ళ కింద ఇంప్లాంట్ స్క్రూ ఎక్కడ దిగాలో చూసి, దాని కింద ఎముక ఎక్కడుండాలో ఆఖరున నిర్ణయించాలి. ఎముకని ముందు అందంగా అమర్చేసి, పళ్ళ సంగతి తర్వాత చూద్దామంటే, ఫొటోలో ముఖం బాగుంటుంది, పళ్ళు కట్టడానికి మాత్రం చోటుండదు. అలా వచ్చిన కేసులు చూశాను. బాధగా ఉంటుంది, ఎందుకంటే ఆ మనిషి అంత పెద్ద ఆపరేషన్ తట్టుకుని కూడా మెత్తటి తిండితోనే సరిపెట్టుకోవాల్సి వస్తుంది.

కటింగ్ గైడ్ అంటే ఎముక మీద ఒకే ఒక్క చోట సరిగ్గా కూర్చునే చిన్న తొడుగు. అందులో రంపం దూరడానికి సన్నటి గాడి ఉంటుంది. స్క్రూల కోసం రంధ్రాలుంటాయి. ఆ రంధ్రాలు, తర్వాత బిగించే ప్లేటు రంధ్రాలు ఒకటే. అంటే దవడ ఇంకా కోయకముందే, అది తన అసలు స్థానంలో ఉండగానే స్క్రూ గుంతలు పడిపోతాయి. కోసిన తర్వాత మిగిలిన రెండు కొసలు ఎటు జరిగినా, ప్లేటు తెచ్చి అవే గుంతల్లో బిగిస్తే కొసలు మళ్ళీ ఎక్కడివక్కడికే వస్తాయి. నా దృష్టిలో కస్టమ్ డిజైన్ వల్ల పేషెంటుకి దక్కే అసలు లాభం ఇది. కాలికీ ఇలాంటి గైడే ఉంటుంది. ఫిబ్యులాని ఏ కోణంలో, ఎంత పొడవు ముక్కలుగా కోయాలో అది చెబుతుంది. ముక్క మరీ చిన్నదైతే దానికి రక్తం సరిగా అందదు కాబట్టి, ఒక్కో ముక్క సుమారు రెండు సెంటీమీటర్లకి తగ్గకుండా చూస్తాం.

ఇక మీ ప్రశ్న. కాలి ఎముక లేకుండా అచ్చంగా లోహంతోనే దవడ పెట్టొచ్చా? పెట్టొచ్చు, పెట్టారు కూడా. 2011లో నెదర్లాండ్స్‌లో 83 ఏళ్ళ ఆవిడకి కింది దవడ మొత్తాన్నీ టైటానియం పొడి నుంచి ప్రింట్ చేసి అమర్చారు. దాని బరువు 107 గ్రాములు. మీ బంధువులు విన్నవి బహుశా ఇలాంటి వార్తలే. అయితే ఆవిడ సమస్య కణితి కాదు, ఎముకకి పట్టిన ఇన్ఫెక్షన్. ఆ వయసులో పెద్ద ఆపరేషన్ తట్టుకోవడం కష్టమని ఆ దారి ఎంచుకున్నారు. 28 ఏళ్ళ కుర్రాడి లెక్క వేరు.

ఎముక అయితే పక్క ఎముకతో అతుక్కుంటుంది. అతుక్కున్నాక నమిలే బలమంతా అదే మోస్తుంది. లోహం ఎప్పటికీ అతుక్కోదు, స్క్రూలు పట్టి ఉంచినంతకాలమే ఉంటుంది. ప్రతి నమలడానికీ అదే వంపు దగ్గర, అవే స్క్రూల మీద బరువు పడుతుంది. ఏళ్ళ తరబడి అలా పడితే స్క్రూ వదులు కావొచ్చు, ప్లేటు విరగొచ్చు. అంతకన్నా పెద్ద చిక్కు పైన కప్పే చిగురు. నోరు శుభ్రమైన చోటు కాదు. పలచటి చిగురు కింద గట్టి లోహం ఉంటే అది నెమ్మదిగా ఒరుసుకుని బయటపడుతుంది, చీము పడుతుంది. ప్లేటు అంచులన్నీ గుండ్రంగా చేస్తాం, వీలైనంత సన్నగా చేస్తాం. అయినా నోట్లోకి తేలే ప్రమాదం పూర్తిగా పోదు. కాలి ఎముకతో పాటు రక్తప్రసారమున్న కండ, చర్మం కూడా వస్తాయి కాబట్టి ఆ కప్పు బలంగా ఉంటుంది.

పెద్ద వయసువాళ్ళకి, కాళ్ళ రక్తనాళాలు బాగోలేనివాళ్ళకి, గంటల తరబడి మత్తు తట్టుకోలేనివాళ్ళకి లోహమే దారి కావొచ్చు. చెవి ముందుండే కీలు తలకాయ కూడా తీసేయాల్సి వస్తే కస్టమ్ కీలు ప్రోస్థసిస్ (కృత్రిమ కీలు) బాగా పనికొస్తుంది. పైన పుర్రె వైపు గట్టి పాలిథిలిన్ ప్లాస్టిక్ గిన్నె ఉంటుంది, దాని కింద లోహపు తల తిరుగుతుంది. అందుకని, లోహమా ఎముకా అని కాకుండా, ఎముకని పట్టి ఉంచే లోహం తమ్ముడి కొలతకే చేయిస్తున్నారా, పళ్ళ నుంచి మొదలుపెట్టి ప్లాన్ చేస్తున్నారా అని సర్జన్‌గారిని అడగండి. పళ్ళు కట్టే ప్రోస్థోడాంటిస్ట్ ఆ ప్లానింగ్ మీటింగులో మొదటి రోజు నుంచీ ఉండాలి. ఈ ఒక్క విషయం మీద మాత్రం గట్టిగా పట్టుబట్టండి.

అడిగినవారు: తమ్ముడికోసం

ఇంత ఓపిగ్గా రాసినందుకు మీ ఇద్దరికీ చాలా థాంక్సండీ. కుడిదవడ గారూ, మీ మెసేజ్ తమ్ముడికి చదివి వినిపించాను. రోమాల దగ్గర నవ్వాడు. ఎన్ని రోజులకో వాడి నవ్వు చూశాను.

ఇంకో నాలుగు సందేహాలు. క్యాన్సర్ కాని గడ్డకి అంత దూరం ఎందుకు కోస్తారో ఇంకా పూర్తిగా అర్థం కాలేదు. కీలు మిగులుతుందా? లోపల మెటల్ ఉంటే రేపెప్పుడైనా ఎంఆర్ఐ తీయొచ్చా? వాడి సీటీ తీసి కొన్ని నెలలైంది, అది సరిపోతుందా?

జవాబు: నోటిసర్జన్

నేను ఈ ఆపరేషన్లు చేసే మాక్సిల్లోఫేషియల్ సర్జన్‌ని. మీ తమ్ముణ్ణి చూడకుండా ఏం చేయాలో చెప్పకూడదు కాబట్టి, ఎందుకు అన్నది మాత్రమే చెప్తానమ్మా.

అమెలోబ్లాస్టోమా ఒంట్లో వేరే చోటికి పాకడం చాలా అరుదు. ఆ అర్థంలో అది క్యాన్సర్ కాదు. కానీ ఉన్న చోట మాత్రం మొండిది. ఎక్స్‌రేలో కనిపించే అంచు దగ్గర అది ఆగదు. లోపలి గుల్ల ఎముక సందుల్లోకి సన్నటి కొమ్మలు చాపి ఉంటుంది. గీకినప్పుడు గడ్డ వస్తుంది, ఆ కొమ్మలు ఉండిపోతాయి. అందుకే కనిపించే అంచుకి అవతల 1 నుంచి 2 సెంటీమీటర్ల ఎముక కూడా కలిపి తీస్తాం. గీకిన వాళ్ళలో తిరగబెట్టడం, ఇలా తీసిన వాళ్ళలో కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ.

అయితే ఇందులో రకాలున్నాయి. ఒకే తిత్తిలా ఉండే యూనిసిస్టిక్ రకంలో, కణితి ఆ తిత్తి లోపలి పొరకే పరిమితమైతే చిన్న ఆపరేషన్‌తో సరిపెట్టే అవకాశం ఉంది. మీకు చెప్పిన ఇద్దరు డాక్టర్లకీ తేడా అక్కడ వచ్చిందేమో చూడండి. బయాప్సీ రిపోర్టులో ఏ రకమో రాశారా? రాయకపోతే ఆ స్లైడ్లనే ఇంకో నోటి పాథాలజిస్టుకి చూపించండి. బయాప్సీకి తీసేది చిన్న ముక్కే కాబట్టి అందులో అంతా కనిపించకపోవచ్చు కూడా. మీరు చెప్పిన ఎక్స్‌రేలో బుడగలు చాలా ఉన్నాయి, పై కొస దాకా వెళ్ళింది. అది మామూలు రకమే అయితే గీకడానికి నేను ఒప్పుకోను.

కింది దవడ దిగువ అంచు బలంగా, కణితి తగలకుండా సుమారు ఒక సెంటీమీటరు మిగిలే పక్షంలో, ఆ అంచుని ఉంచి పైభాగం మాత్రమే తీయొచ్చు. అప్పుడు దవడ తెగదు. అది కుదరకపోతేనే ముక్క మొత్తం తీస్తాం. కీలు సంగతి కూడా ఇలాంటిదే. కీలు తలకాయ కింద శుభ్రమైన ఎముక తగినంత ఉంటే దాన్ని కాపాడతాం. కాపాడితే నోరు తెరవడం, కాటు రెండూ మెరుగ్గా ఉంటాయి.

ఆపరేషన్ టేబుల్ మీద ఎముక అంచుని అప్పటికప్పుడు మైక్రోస్కోప్ కింద చూడటం కుదరదు, ఎముకని ముందు మెత్తబరచాలి, దానికి రోజులు పడుతుంది. అందుకే తీసిన ముక్కకి అక్కడికక్కడే ఎక్స్‌రే తీసి అంచు చూసుకుంటాం. చుట్టూ ఉన్న మెత్తటి కణజాలాన్ని మాత్రం వెంటనే పరీక్షించొచ్చు.

కాలి ఎముక గురించి భయం వద్దు. శరీరం బరువు దాదాపుగా మోసేది పక్కనున్న పెద్ద ఎముక టిబియా. చీలమండ నిలకడగా ఉండటానికి ఫిబ్యులా దిగువ భాగం 6 నుంచి 8 సెంటీమీటర్లు వదిలేస్తాం. 1989లో హిడాల్గో అనే సర్జన్ ఈ ఎముకతో కింది దవడ కట్టే పద్ధతిని ప్రచురించారు. అప్పటినుంచీ ప్రపంచమంతా చేస్తున్న పని ఇది, ప్రయోగం కాదు. ముందుగా కాళ్ళకి సీటీ యాంజియోగ్రామ్ తీసి రక్తనాళాలు చూస్తాం. తమ్ముడికి సిగరెట్ అలవాటుంటే ఈ రోజే మానేయమనండి. రక్తనాళం అతుకు, ఎముక అతుకు రెండిటికీ అది శత్రువు.

టైటానియాన్ని అయస్కాంతం లాగదు, మామూలుగా ఎంఆర్ఐ తీయొచ్చు. లోపల ప్లేటుందని అక్కడి స్టాఫ్‌కి చెప్పాలి. ప్లేటు చుట్టూ బొమ్మ కాస్త చెదురుతుంది, అంతే.

మందుల గురించి ఎవరైనా చెప్తారు కాబట్టి అదీ రాస్తున్నాను. ఈ కణితుల్లో చాలావాటికి బీరాఫ్ అనే జన్యువులో మార్పు ఉంటుందని 2014లో బయటపడింది. ఆ మార్పుని అడ్డుకునే మందులతో కొందరికి గడ్డ కుదించుకుపోయింది కూడా. కానీ తీయగలిగిన గడ్డకి ఇప్పటికీ ఆపరేషనే ప్రధానం. ఆపరేషన్ తర్వాత కూడా కనీసం పదేళ్ళు ఏటా ఎక్స్‌రే తీయించుకుంటూ ఉండాలి. ఈ గడ్డ చాలా ఏళ్ళ తర్వాత కూడా తిరిగొచ్చిన సందర్భాలున్నాయి.

జవాబు: కుడిదవడ

నోరు తెరిచే వ్యాయామం గురించి చెప్పడం మర్చిపోయాను. డాక్టరుగారు ఎప్పుడు మొదలుపెట్టమంటే అప్పుడు మొదలుపెట్టి, మానకుండా చేయించండి. మూడు వేళ్ళు నిలువుగా పట్టేదాకా నేను వదల్లేదు. నొప్పిగా ఉందని ఊరుకుంటే కండరాలు బిగుసుకుపోతాయి. తర్వాత ఇంప్లాంట్లు పెట్టాలన్నా నోట్లోకి పరికరం దూరదు. తమ్ముడికి ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే ఇక్కడే మెసేజ్ పెట్టమనండి. నేను చూస్తూనే ఉంటాను.

జవాబు: దవడడిజైన్

స్కాన్ గురించి అడిగారు. నెలల నాటి సీటీ మీద గైడ్ చేయను, చేయమన్నా ఒప్పుకోను. ఈ గడ్డ నెమ్మదిగానే పెరుగుతుంది, కానీ ఎముక ఉపరితలం కొంచెం ఉబ్బినా గైడ్ సరిగా కూర్చోదు. గీసుకున్న అంచు కూడా మారిపోయి ఉండొచ్చు. సర్జన్‌గారు ప్లానింగ్ మొదలుపెడుతున్నామన్న రోజునే కొత్తది తీయించండి. ప్లేటు తయారై రావడానికీ కొన్ని వారాలు పడుతుంది, ఆపరేషన్ తేదీ ఆ లెక్కతో పెట్టుకోవాలి.

తీయించేటప్పుడు స్లైసు మందం ఒక మిల్లీమీటరు లేదా అంతకన్నా తక్కువ ఉండాలి. పుర్రె దగ్గరి కీళ్ళ నుంచి గడ్డం కింది దాకా దవడ మొత్తం రావాలి. మెషీన్ని వంచకుండా తీయాలి. పై పళ్ళు, కింది పళ్ళు ఒకదానికొకటి తగలకుండా మధ్యలో సన్నటి ఎడం ఉంచమనండి. తగిలితే వాటిని విడదీయడం మాకు పెద్ద పని. లోహపు ఫిల్లింగులుంటే సీటీలో పళ్ళ దగ్గర చారలు పడతాయి కాబట్టి పళ్ళకి వేరుగా డిజిటల్ స్కాన్ గానీ, అచ్చు గానీ తీయించాలి.

ఫిల్ములు, కాగితం మీద ప్రింట్లు మాకు పనికిరావు. సెంటర్లో అడిగి డైకామ్ ఫైళ్ళు (స్కాన్ అసలు కంప్యూటర్ ఫైళ్ళు) మొత్తం సీడీలో గానీ పెన్‌డ్రైవ్‌లో గానీ తీసుకోండి. ఇంటికొచ్చాక ఒకసారి తెరిచి చూసి, వందల కొద్దీ స్లైసులు ఉన్నాయో లేక నాలుగు బొమ్మలే ఉన్నాయో సరిచూసుకోండి. నాలుగే ఉంటే వెంటనే వెనక్కి వెళ్ళి అడగండి, కొన్నాళ్ళకి వాళ్ళ సిస్టంలోంచి అవి పోయే అవకాశం ఉంది.